ట్రాక్ మీద సరదా కోసం ఏబీఎస్ ఆపేస్తే...

ప్రశ్న: మాది హైదరాబాద్. నాలుగేళ్ల కిందట కొన్న పెట్రోలు కారు నా పేరుమీదే ఉంది. స్నేహితులతో కలిసి అప్పుడప్పుడు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్లి నడుపుతుంటాను. మలుపుకు ముందు గట్టిగా బ్రేకు తొక్కితే ఏబీఎస్ (చక్రాలు పూర్తిగా బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) అడ్డుపడుతోంది, పెడల్ కాలి కింద దడదడలాడుతోంది. ఏబీఎస్‌ను ఆపడానికి డ్యాష్‌బోర్డులో ఒక స్విచ్ బిగిస్తామని ఒక గ్యారేజీ వారు అంటున్నారు. ‘నా ఇష్టప్రకారమే చేయించుకున్నాను, ప్రమాదం ఉందని తెలుసు, పూర్తి బాధ్యత నాదే’ అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతున్నారు. రోడ్డు మీద ఏబీఎస్ పనిచేసేలాగే ఉంచుతాను. ఇది నేరమవుతుందా? ప్రమాదం జరిగితే బీమా వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు అన్నీ రాశారు గాని, కారు ఇరుంగాట్టుకోట్టైకి ఎలా వెళుతుందో రాయలేదు. లారీ మీద ఎక్కించి పంపుతున్నానని అనలేదు కాబట్టి, ఆరువందల కిలోమీటర్లకు పైగా మీరే నడుపుకుంటూ వెళుతున్నారనుకుంటాను. ట్రాక్ మీద తిరిగే దూరం దాని ముందు ఏపాటిది? చట్టపరంగా మీ సమస్య మొత్తం ఆ రహదారి మీదే ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని శిక్షల్లో మీకు వర్తించేవి చాలావరకు ‘బహిరంగ ప్రదేశం’ చుట్టూ తిరుగుతాయి. ప్రజలకు వెళ్లే హక్కున్న రోడ్డు, వీధి, స్థలం ఏదైనా బహిరంగ ప్రదేశమే అని సెక్షన్ 2(34) చెబుతుంది. గేటు వేసి, నిర్వాహకులు అనుమతించిన వారినే లోపలికి పంపే రేస్ ట్రాక్ ఆ నిర్వచనంలోకి రాదని గట్టిగా వాదించవచ్చు. విశాఖ ఉక్కు కర్మాగారం ఆవరణలో మాత్రమే తిరిగే వాహనాలకు మోటారు వాహనాల పన్ను వర్తించదని 2025లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు కూడా ఆధారం ఇదే: ప్రజలకు ప్రవేశం లేని చోటు బహిరంగ ప్రదేశం కాదు. అది పన్ను కేసు, మీది భద్రతకు సంబంధించిన విషయం. అయినా తర్కం మీకు పనికొస్తుంది. ట్రాక్ లోపల ఏబీఎస్ ఆపి నడిపినంత మాత్రాన పోలీసులు మీ మీద కేసు పెట్టే అవకాశం దాదాపు లేదు.

ఇక కారులో మార్పు సంగతి. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని సెక్షన్ 52 అంటుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని కఠినంగానే అన్వయించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీ తరఫు వకీలు మాత్రం సెక్షన్ 52 చివర ఉన్న వివరణ మీద వేలుపెట్టి చూపిస్తాడు. వాహన నిర్మాణంలో మార్పు వచ్చి, దానివల్ల మౌలిక లక్షణం మారితేనే అది ‘మార్పు’ అని అక్కడ ఉంది. ఆర్‌సీలో ఏబీఎస్ ప్రస్తావనే ఉండదు కదా, దాన్ని ఆపడానికి ఒక ఫ్యూజు లాగితే నిర్మాణం మారిందంటారా అని అడుగుతాడు. ఫ్యూజు వరకైతే ఈ వాదన నిలబడవచ్చని నా అభిప్రాయం. ఏబీఎస్ హైడ్రాలిక్ యూనిట్‌నే విప్పేసి మామూలు బ్రేకు పైపులు వేయించిన వారి విషయంలో ఇది నిలవదు. మీ స్విచ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. వైరింగ్ కత్తిరించి, కంపెనీ పెట్టని స్విచ్‌ను శాశ్వతంగా బిగిస్తున్నారు. నేను న్యాయమూర్తి స్థానంలో ఉంటే దాన్ని మార్పు కిందే లెక్కకడతాను.

అయితే సెక్షన్ 52 దగ్గరే వాదించుకుంటూ కూర్చుంటే అసలు ముప్పు కనిపించదు. అది సెక్షన్ 190లో ఉంది. లోపం ఉందని తెలిసి, లేదా కాస్త జాగ్రత్తగా చూస్తే తెలిసే లోపంతో, ప్రమాదకరంగా ఉన్న వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడిపితే 1,500 రూపాయల వరకు జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. రెండో ఉపవిభాగం ఇంకా కఠినం. రహదారి భద్రతా ప్రమాణాలను ఉల్లంఘించే వాహనం నడిపితే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. నాలుగేళ్ల మీ కారులో అది అదనపు హంగు కాదు, ప్రమాణంలో భాగమే. ఇంకో మాట, ఈ సెక్షన్ నడిపిన వారినే కాదు, నడపనిచ్చిన వారిని కూడా పట్టుకుంటుంది. ట్రాక్ నుంచి వచ్చాక స్విచ్ మార్చడం మరచిపోయి, మర్నాడు తమ్ముడికి తాళాలు ఇస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఇదంతా ఎవరు కనిపెడతారు అని మీరు అనుకుంటూ ఉంటారు. చౌరస్తాలో చలానా రాసే కానిస్టేబుల్ కనిపెట్టడు, నిజమే. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు పోలీసులు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిపిస్తారు. మనవాళ్లు ఆయన్ను ఊరికే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనరు. కారుకు యాంత్రిక లోపం ఉందా, బ్రేకులు ఎలా ఉన్నాయి అన్నది ఆయన నివేదికలో ఉంటుంది. అది చార్జిషీటుతోపాటు కోర్టుకూ, పరిహారం కేసులో ట్రైబ్యునల్‌కూ వెళుతుంది. రోడ్డు కూడా సాక్ష్యం చెబుతుంది. ఏబీఎస్ పనిచేస్తే చక్రం పూర్తిగా బిగుసుకోదు కాబట్టి టైరు చారలు పలచగా, తెగుతూ పడతాయి. అది పనిచేయకుండా చక్రం బిగుసుకుంటే, తారు మీద నల్లగా, దట్టంగా, ఎక్కడా తెగని చారలు ఈడ్చుకుపోయి ఉంటాయి. దానికి తోడు, వైరు తెగిన సంగతి కంట్రోల్ యూనిట్‌లో లోపం కోడ్‌గా నమోదై ఉండవచ్చు. స్కానర్ పెడితే బయటపడుతుంది. ‘ఆన్‌లోనే ఉంచాను’ అన్న మీ మాటను వీటన్నిటి ఎదుట నిలబెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, నిర్లక్ష్యంగా నడిపి ఒకరి మరణానికి కారణమైతే సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు జైలు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. తీవ్ర గాయమైతే సెక్షన్ 125 కింద మూడేళ్ల వరకు. ఇవి నిర్లక్ష్యానికి పడే శిక్షలు. తాను చేసే పని వల్ల ప్రాణం పోవచ్చని తెలిసీ చేశాడని ప్రాసిక్యూషన్ నిరూపించగలిగితే విషయం సెక్షన్ 105కు, అంటే హత్య కాని నేరపూరిత నరహత్యకు చేరుతుంది. అక్కడ పదేళ్ల వరకు పడవచ్చు. ముంబైలో ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న కూలీలు ఏడుగురు చనిపోయిన అలిస్టర్ పరేరా కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ ‘తెలిసి చేయడం’ అనే అంశం మీదే శిక్షను ఖరారు చేసింది. అతను తాగి ఉన్నాడు, మీ పరిస్థితి అది కాదు. స్విచ్ ఒక్కదానితో కేసు అంతదూరం వెళుతుందని నేను అనడం లేదు. కానీ నిందితుడికి ప్రమాదం సంగతి తెలుసని రుజువు చేయడం మామూలుగా పోలీసులకు చాలా కష్టమైన పని. ‘ప్రమాదం ఉందని తెలుసు’ అని మీ చేతి సంతకంతో రాసిచ్చి ఆ కష్టాన్ని మీరే తీరుస్తున్నారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. గ్యారేజీ వారికి కూడా దానివల్ల ఒరిగేది తక్కువ. చట్టం నిషేధించిన పని కోసం చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద చెల్లదు. దెబ్బతిన్న మూడో మనిషిని అది ఎటూ కట్టడి చేయదు.

బీమా విషయంలో రెండు సంగతులను విడదీసి చూడాలి. రోడ్డు మీద మీ కారు వల్ల వేరొకరికి నష్టం జరిగితే, థర్డ్ పార్టీ పరిహారం నుంచి బీమా కంపెనీ అంత తేలికగా తప్పించుకోలేదు. కంపెనీ ఏయే కారణాలు చెప్పి తప్పుకోవచ్చో సెక్షన్ 150(2) పేర్కొంది. అందులో కారులో మార్పు అనే కారణం లేదు. నిర్వహించిన రేసింగు, వేగ పరీక్ష మాత్రం ఉన్నాయి. అందుకే అర్ధరాత్రి ఔటర్ రింగు రోడ్డు మీద పందెం కాసే కుర్రాళ్ల సంగతి వేరు. వారికి సెక్షన్ 189 కింద జైలు భయంతోపాటు, పరిహారం చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకుంటామని కంపెనీ అడిగే ప్రమాదమూ ఉంది.

మీ సొంత కారుకు జరిగిన నష్టం పూర్తిగా ఒప్పందానికి సంబంధించినది. పాలసీ పత్రంలో ‘వినియోగ పరిమితులు’ అన్న చోట చూడండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వంటివి మినహాయించామని ఉంటుంది. సరదాగా నడపడం రేసింగు కిందికి రాదని మీరు వాదించవచ్చు, నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ ఒప్పుకుంటాడని నేను అనుకోను. కాబట్టి ట్రాక్ మీద గోడకు కొడితే, ఏబీఎస్ ఉన్నా లేకపోయినా, ఖర్చు మీదే అనుకోండి. పాలసీతోపాటు వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకూ ఈ పరిమితే అడ్డొస్తుంది. రోడ్డు మీద ప్రమాదమైతే, వాహనాన్ని సరైన స్థితిలో ఉంచాలన్న షరతును ఉల్లంఘించారని క్లెయిమ్ తిరస్కరిస్తారు. అక్కడ కొంత ఆశ ఉంది. అమలేందు సాహూ కేసులో (2010) షరతు ఉల్లంఘన జరిగినా పూర్తిగా ఎగ్గొట్టకుండా కొంత సొమ్ము చెల్లించమని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది కారును అద్దెకు తిప్పిన కేసు. బ్రేకులోనే మార్పు చేసి, బ్రేకు వేసిన చోటే ప్రమాదం జరిగితే వినియోగదారుల కమిషన్ అంత ఉదారంగా ఉంటుందని నమ్మలేం.

చట్టం పక్కన పెట్టి ఒక మాట. ఫార్ములా వన్‌లో 1994 నుంచి ఏబీఎస్ నిషేధం అని మీ స్నేహితులు ఉదాహరణ చెప్పే ఉంటారు. అది డ్రైవర్ నైపుణ్యానికే విలువ ఉండాలని పెట్టిన నియమం, ఏబీఎస్ పనికిరాదని కాదు. జీటీ3 రేసు కార్లలో ఏబీఎస్ వాడుతూనే ఉన్నారు. వదులు కంకర మీద చక్రం బిగుసుకుంటే ముందు కంకర పోగుపడి కారు త్వరగా ఆగుతుంది, ర్యాలీ వారి వాదన అందుకు సరిపోతుంది. మీరు తిరిగేది తారు మీద. పైగా చాలా కార్లలో ముందు, వెనుక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా ఏబీఎస్ యూనిట్‌లోనే ఉంటుంది. అది కూడా ఆగిపోతే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు గిరగిరా తిరిగిపోవచ్చు.

మీకు నా సలహా: ఈ కారును ఉన్నది ఉన్నట్టు ఉంచండి. కంపెనీయే ఇచ్చిన ఈఎస్‌పీ (కారు పట్టుతప్పి జారకుండా చూసే వ్యవస్థ) ఆఫ్ బటన్ వంటిది ఉంటే ట్రాక్ మీద వాడుకోండి, తయారీదారు ఇచ్చిన సదుపాయం వాడితే అది మార్పు కాదు. అంతగా పట్టుదల ఉంటే ట్రాక్ కోసం వేరే పాత కారు తీసుకుని, లారీ మీద ఎక్కించి తీసుకెళ్లండి, దాని చక్రం రోడ్డుకు తాకనివ్వకండి. ర్యాలీలకు అదనపు ప్రీమియంతో, పాలసీకి చేర్పుగా ఎండార్స్‌మెంట్ ఇస్తారు, దాని గురించి మీ బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఒకవేళ నా జవాబు అందేలోపే స్విచ్ బిగించేసి ఉంటే, అధీకృత సర్వీస్ సెంటర్‌లో తీయించి, వైరింగ్ సరిచేయించి, డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం ఆరిందో లేదో చూసుకుని, చేసిన పని వివరంగా రాసిన బిల్లు తీసుకోండి. సంతకం చేసిన కాగితం ఉంటే దాని అసలు ప్రతిని వెనక్కి అడగండి. కారు అమ్మే రోజున కొనేవారికి ఈ సంగతి చెప్పి, ఆ బిల్లు కూడా చేతిలో పెట్టండి.