మందు తీసుకోవాలా, వేసుకోవాలా?

సందేహం: మందుల పెట్టెల్లో ఉండే కరపత్రాలను తెలుగులోకి అనువదిస్తుంటాను. మాత్రకైనా ఇంజెక్షన్‌కైనా ‘తీసుకోవాలి’ అనే రాయమంటున్నారు. ‘వేసుకోవాలి’ అంటే గ్రామ్యమా? మందు రక్తంలో కలవడాన్ని ‘శోషణ’ అనాలా, ‘ఒంటికి పట్టడం’ అనొచ్చా?

సమాధానం: ‘తీసుకోవాలి’ తప్పేమీ కాదు, కానీ ఎటూ తేల్చని మాట. దుకాణంలో కొనడమూ తీసుకోవడమే, గొంతులో వేసుకోవడమూ తీసుకోవడమే. మందు ఏ దారిన ఒంట్లోకి వెళ్తుందో తెలుగులో క్రియే చెప్పేస్తుంది. మాత్ర వేసుకుంటాం, కషాయం తాగుతాం, సూది వేయించుకుంటాం, ఆవిరి పడతాం, సెలైన్ ఎక్కిస్తారు. శొంఠికొమ్మును సానమీద అరగదీసి, తేనెలో రంగరించి నాకుతాం. లేహ్యమంటే నాకదగినదనే అర్థం. తెలంగాణలో ‘గోలీ వేసుకున్నవా?’ అని అడిగేదీ ఈ క్రియతోనే. దీన్ని గ్రామ్యమనడం ఉత్త బడాయి. ‘కొట్టడం’ ఒక్కటి మాత్రం వద్దు. పత్తి చేనుకు మందు కొడతారు, సాయంత్రం సీసా ముందు కూర్చునీ కొడతారు. జ్వరానికి ఎవరూ కొట్టరు.

గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ బిళ్ళ దగ్గర ఈ తేడా మరీ ముఖ్యం. నొప్పి వచ్చినప్పుడు డాక్టర్లు దాన్ని నాలుక కింద పెట్టుకోమంటారు. ‘ఒక బిళ్ళ తీసుకోవాలి’ అని రాస్తే టెన్షన్‌లో ఉన్న మనిషి నీళ్లతో గుటుక్కున మింగేస్తాడు. నాలుక కింద కరిగిన మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మందు పేగుల్లోంచి ముందు కాలేయానికి పోతుంది, అక్కడే చాలా భాగం విరిగిపోతుంది. పైగా ఆలస్యం. అందుకని ‘పెట్టుకోవాలి’ అనే రాయండి, పక్కన ‘మింగకూడదు’ అని కూడా చేర్చండి. ఇన్సులిన్‌కైతే ‘చర్మం కింద సూదితో వేసుకోవాలి’ అనండి. అది ప్రోటీన్ కాబట్టి కడుపులోకి పోతే తిండితో పాటు అరిగిపోతుంది.

ఇక శోషణ. శుష్ ధాతువుకు అర్థం ఎండిపోవడం. ‘శోష వచ్చి పడిపోయాడు’ అన్నప్పుడు వినిపించేదీ అదే. శాస్త్రగ్రంథాల్లో స్థిరపడింది కనుక అక్కడ ఉండనివ్వండి. రోగి చేతికిచ్చే కాగితంలో ‘ఒంటికి పట్టడం’ హాయిగా రాయొచ్చు: ‘థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోండి, వెంటనే కాఫీ తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు.’ అయితే పరగడుపు పొద్దుటి మాట. మధ్యాహ్నం మందుకు ‘భోజనానికి గంట ముందు’ అని విడమరచి రాయాల్సిందే.