వాయిస్ పాఠం చెప్పబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నీకు హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరుగా పోస్టింగ్ వచ్చిందనీ, సోమవారమే జాయిన్ అవుతున్నావనీ చెప్పాడు. నువ్వు మాత్రం ఫోన్ చెయ్యలేదు. సరే, ఆ సంగతి తర్వాత మాట్లాడదాం. డీఎస్సీకి నువ్వు రాత్రి రెండింటిదాకా కూర్చుని చదవడం నా కళ్ళతో చూశాను కాబట్టి, ఫోన్ పెట్టేశాక దేవుడి గదిలోకి వెళ్ళి కాసేపు అలా కూర్చుండిపోయాను. మన ఇంట్లో నా తర్వాత చాక్‌పీస్ పట్టుకునేది నువ్వే.

తర్వాత మీ నాన్న వాట్సాప్‌లో నీ మొదటి పాఠం పేజీలు ఫొటోలు తీసి పంపాడు. పదో తరగతికి యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్. తెరవగానే పన్నెండు గళ్ళ పట్టిక, దాని కింద "రామా కిల్డ్ రావణా". అది చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ముప్పై మూడేళ్ళు ఈ పాఠం చెప్పాను నేను, అందులో మొదటి పదేళ్ళూ అచ్చం ఇలాగే చెప్పాను.

పట్టిక నీకు వచ్చు, పిల్లలకూ రెండు రోజుల్లో వస్తుంది. కర్మను ముందుకు తెచ్చి, కాలాన్ని బట్టి ఈజ్, వాజ్ లాంటి 'బి' క్రియ పెట్టి, అసలు క్రియకి వీ3, అంటే కిల్డ్, బిల్ట్ లాంటి మూడో రూపం రాసి, కర్తను చెప్పాల్సిన అవసరం ఉంటే 'బై' తగిలించడం. జరుగుతున్న పనికి 'ఈజ్ బీయింగ్', జరిగిపోయినదానికి 'హాజ్ బీన్', విల్, కెన్, మస్ట్ లాంటివాటి తర్వాత ఉత్త 'బి'. 'బీయింగ్' దగ్గర అందరూ తడబడతారు, తిట్టకు. "ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్" అనడం ఇంగ్లిష్‌వాళ్ళకే పద్దెనిమిదో శతాబ్దం చివర్లో గానీ మొదలు కాలేదు, అంతకుముందు "ద హౌస్ ఈజ్ బిల్డింగ్" అనే రాసుకునేవాళ్ళు, ఆ తర్వాత వందేళ్ళకు కూడా కొత్త పద్ధతి బాగాలేదని పేచీ పెట్టిన పండితులు వాళ్ళలోనే ఉన్నారు. మన పిల్లలకి ఒక వారం టైమ్ ఇవ్వలేవా?

నా టెన్షన్ పట్టిక గురించి కాదు. ఇది అసలు ఎందుకు ఉందో చెప్పకుండా ఎలా మార్చాలో చెబుతున్నావు, అదీ నా బాధ. తెలుగు పిల్లకి ఇది ఎందుకో తనంతట తనకు తట్టదు, ఎందుకంటే మన భాషలో దీని అవసరం చాలా తక్కువ. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా, "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నా చచ్చింది రావణుడే. ఆ 'ణ్ణి' కాపలా కాస్తుంది, మాటల్ని ఎటు జరిపినా అర్థం చెదరదు. ఇంగ్లిష్‌లో రావణుణ్ణి ఉన్నపళంగా ముందుకు తెచ్చి చూడు, "రావణా కిల్డ్ రామా" అయి కూర్చుంటుంది, కథే తిరగబడుతుంది. అందుకే వాళ్ళకు 'వాజ్' కావాలి, 'బై' కావాలి. ఈ ఒక్క ముక్క బోర్డు మీద చూపించు, వెనక బెంచీవాళ్ళు కూడా తలెత్తుతారు.

ఇంకోటి. "మా వీధిలో రోడ్డు వేశారు", "కరెంటు తీసేశారు", "మా సార్‌ని బదిలీ చేశారు" అని పిల్లలు రోజంతా అంటూనే ఉంటారు. ఎవరు వేశారు, ఎవరు తీశారు? ఎవరో, మనకెందుకు. సరిగ్గా ఇలాంటి చోటే ఇంగ్లిష్‌వాడు పాసివ్ వాడతాడు. నువ్వు మాత్రం దాన్ని "కరెంటు తీసివేయబడినది" అని తెలుగు చేసి చెప్పకు. ఆ 'బడు' భాష "ఇచ్చట పాత ఇనుము కొనబడును" అనే బోర్డు మీద తప్ప పిల్లలకి ఎక్కడా తగలదు, ఇంగ్లిష్ అర్థం కాకపోగా తెలుగు కూడా పరాయిదైపోతుంది. పైగా 'బడు', 'పడు' వచ్చినవన్నీ పాసివే అనుకుని కనబడు, భయపడు కూడా అందులో కలిపేస్తారు.

ఉదాహరణలకి రామాయణం దాకా వెళ్ళక్కర్లేదు. వాళ్ళ నాన్నల ఫోన్లకి బ్యాంకు మెసేజీలు వస్తాయి కదా, అకౌంట్ 'హాజ్ బీన్ క్రెడిటెడ్', 'హాజ్ బీన్ డెబిటెడ్' అని. అవి రాసుకుని రమ్మను. రైలు లేటయినప్పుడు స్టేషన్‌లో మైకు ఇంగ్లిష్‌లో "ది ఇన్‌కన్వీనియెన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్" అంటుంది, తెలుగులో "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటుంది. తెలుగులో చింతించేది 'మేము'. ఇంగ్లిష్‌లో ఎవరు చింతిస్తున్నారో ఎంత వెతికినా దొరకరు. ఈ రెండూ పక్కపక్కన రాసి క్లాసుకి ఒక ఐదు నిమిషాలు వదిలెయ్యి.

'బై' తప్పనిసరి అని చెప్పొద్దు. "సమ్‌బడీ స్టోల్ మై సైకిల్" అన్నదాన్ని "మై సైకిల్ వాజ్ స్టోలెన్" అని ఊరుకున్న పిల్లలకి నేను అర మార్కు కోసేదాన్ని, 'బై సమ్‌బడీ' లేదని. దొంగ ఎవరో తెలియనప్పుడు ఆ రెండు మాటలు దేనికి? పిల్లలదే సరైన ఇంగ్లిష్, నాది కాదు.

అర మార్కు పోతే పోయింది. ఇప్పుడు చెప్పబోయేది నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా.

1994. ఒంగోలు వైపు హైవే పక్కన ఒక ఊరు. ఇప్పుడు ఎన్‌హెచ్ 16 అంటున్న రోడ్డుని అప్పుడు ఎన్‌హెచ్ 5 అనేవాళ్ళం, రాత్రీ పగలూ లారీలు. పదో తరగతి క్వార్టర్లీ పేపర్లు దిద్దుతున్నాను. 'మై ఫ్యామిలీ' మీద పేరాగ్రాఫ్. రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, రెండు జడలు, అక్షరాలు ముత్యాల్లా రాసేది, ఆ పిల్ల రాసింది: "మై ఫాదర్ వాజ్ డైడ్ బై లారీ." అంతకు వారం ముందే వాయిస్ పాఠం పూర్తి చేశాను. నాకు ఆ వాక్యంలో ఒక తప్పు కనబడింది, అంతే. ఎర్ర సిరాతో 'వాజ్' కొట్టేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు పేపర్లు ఇస్తూ ఆ వాక్యం బోర్డు మీద రాశాను. ఎవరిదో చెప్పలేదు, పేరు చెప్పలేదు కదా ఫరవాలేదులే అనుకున్నాను. "ఇందులో తప్పేంటో చెప్పండి" అన్నాను. వెనకాల నలుగురైదుగురు నవ్వారు. నేను అకర్మక క్రియల గురించి చెప్పుకుపోయాను. చనిపోవడం అనేది ఒకరు ఇంకొకరికి చేసే పని కాదు, దానికి కర్మ ఉండదు, కర్మ లేనిచోట పాసివ్ రాదు అని. డస్టర్ తీసుకుని 'వాజ్' తుడిచాను, 'బై లారీ' కూడా తుడిచేశాను. "మై ఫాదర్ డైడ్" అని మిగిలింది.

ఆ పిల్ల లేచి నిలబడింది. పేపరు మడతపెట్టి రెండు చేతుల్తో పట్టుకుంది. "టీచర్, మా నాన్న ఆయనంతట ఆయన చచ్చిపోలేదండి. లారీవాడు గుద్దేశాడు. మరి వాజ్ ఎందుకు రాదండి?"

నేనేమన్నానో తెలుసా? "రూల్ అంతే. కూర్చో."

కూర్చుంది. బెల్లు కొట్టారు.

ఆ రాత్రి అన్నం వార్చుతుంటే తట్టింది నాకు. ఆ పిల్ల వెతుక్కుంటున్నది పాసివ్ వాయిస్‌నే. నేను వారం రోజులు పట్టికలు గీసి చెప్పలేకపోయినదాన్ని తను పట్టుకుంది, నాన్నకి అది దానంతట అది జరగలేదు, ఒకరు చేశారు అని. తనకు కావలసింది ఒక్క క్రియ. "మై ఫాదర్ వాజ్ కిల్డ్ బై ఎ లారీ." లేదంటే "వాజ్ హిట్ బై ఎ లారీ". 'కిల్' అనే మాటని నేను రావణుడికి వంద సార్లు వాడాను, ఆ పిల్ల వాళ్ళ నాన్న దగ్గర నాకు గుర్తు రాలేదు. అన్నిటికంటే, ఆ లారీని నా చేత్తో తుడిచేశాను కదా, అది ఇవాళ్టికీ నన్ను వదల్లేదు.

మర్నాటి నుంచి దసరా సెలవులు. సెలవులయ్యాక వేపచెట్టు కిందికి పిలిచి, తన నోట్సులో ఆ వాక్యం నేనే రాసిచ్చాను. చదువుకుని, "కిల్డ్ అంటే చంపడం కదండీ, కావాలని చెయ్యలేదంట లారీవాడు" అంది. యాక్సిడెంట్‌లో పోయినా ఇంగ్లిష్‌లో అలాగే అంటారమ్మా అన్నాను. "అయితే ఇదే కరెక్టండీ" అని నోట్సు మూసుకుని వెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఏప్రిల్ దాకా ఆ పిల్ల నా క్లాసులో మళ్ళీ చెయ్యి ఎత్తలేదు.

అందుకని చెబుతున్నాను, విను. నీకు దొరికే తప్పుల్లో సగం ఇవే ఉంటాయి: 'వాజ్ డైడ్', 'యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్', 'హి వాజ్ కమ్'. అజాగ్రత్త అనుకోకు. జరిగిందంటే 'వాజ్' ఉండాలని కొందరు, మనకేదో జరిగింది కాబట్టి పాసివ్ అని కొందరు, ప్రతి తప్పు వెనకా ఒక ఆలోచన ఉంటుంది. పిలిచి అడుగు, "నువ్వేం చెప్పాలనుకున్నావు?" అని తెలుగులో అడుగు. వాళ్ళు తెలుగులో చెప్పాక ఏ క్రియ కావాలో నీకే తెలుస్తుంది. చాక్‌పీస్ ఒకటి టేబుల్ మీంచి పడెయ్యి, "విరిగింది" అంటారు, "ఇట్ బ్రోక్". ఇంకోటి చేత్తో విరిచి చూపించు, "విరిచారు" అంటారు, "ఇట్ వాజ్ బ్రోకెన్". విరుగు, విరుచు తేడా మన పిల్లలకి పుట్టుకతో తెలుసు, నువ్వు కొత్తగా నేర్పేదేం లేదు, ఇంగ్లిష్‌లో అది ఎక్కడుందో చూపించడమే. డై, హాపెన్, కమ్, గో, స్లీప్, అరైవ్ లాంటివి పాసివ్‌లోకి రావని ఆ తర్వాత చెప్పు.

ఇంటి సంగతులు రాసిన పేపరులోంచి వాక్యం తీసి బోర్డు మీద పెట్టకు. పేరు చెప్పకపోయినా పెట్టకు.

'లాఫ్డ్ ఎట్' చెప్పేటప్పుడు ఆ 'ఎట్' వదిలెయ్యకూడదని చెప్పు, "షి వాజ్ లాఫ్డ్ ఎట్". 'ఎట్' పోతే ఎవర్ని చూసి నవ్వారో కూడా పోతుంది. ఆ వాక్యం రాసిన ప్రతిసారీ నేను ఒకసారి క్లాసు వైపు తిరిగి చూసుకునేదాన్ని. రెండు కర్మలున్నవి కష్టమని వాయిదా వెయ్యకు, "ఐ వాజ్ గివెన్ ఎ సైకిల్" అంటే "నాకు సైకిల్ ఇచ్చారు", ఇంత తేలికైనది ఇంకోటి లేదు.

నీ కోపం నాకు తెలుసు, అది మీ నాన్నది కాదు, నా దగ్గర్నుంచి వచ్చింది. ఆకలి మీద ఉన్నప్పుడు పేపర్లు దిద్దకు. ఎర్ర పెన్ను వద్దు, పెన్సిల్ పెట్టుకో. గొంతు పట్టేస్తుంది మొదటి నెల, ఫ్లాస్కులో వేన్నీళ్ళు తీసుకెళ్ళు. గోంగూర పచ్చడి సీసా మీ నాన్నకి ఇచ్చి పంపుతున్నాను, హాస్టల్ తిండి తిన్నట్టు అక్కడ కూడా బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకున్నావంటే నేనే వచ్చి నీ రూములో దిగుతాను.

ఆ పన్నెండు గళ్ళ పట్టిక మూడో రోజుకి జరుపు. మొదటి రోజు పిల్లల చేత "మా ఊళ్ళో ఏం చేశారు" అని ఐదేసి తెలుగు వాక్యాలు రాయించు. శనివారం రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చెయ్యి, వాళ్ళు ఏం రాశారో చదివి వినిపించు. నేను మేలుకునే ఉంటాను.

మీ అత్త