పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: రెండో ప్రపంచ యుద్ధానికి దారి ఎలా పడింది?

రెండో ప్రపంచ యుద్ధం ఎందుకు వచ్చిందన్న విషయం మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకదానితో ఒకటి ముడిపడిన అయిదు ప్రశ్నలను ఎంచుకుని ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వర్సెయిల్స్ సంధిలోనే రెండో యుద్ధానికి బీజం పడిందని పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. సంధి 1919 నాటిది, యుద్ధం 1939లో వచ్చింది. మధ్యలో ఇరవై ఏళ్లు ఆ బీజం ఏం చేస్తున్నట్టు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: మాస్టారూ, ఆ సంధి జర్మనీని అవమానించిన మాట నిజమే. సైన్యాన్ని లక్ష మందికి కుదించారు, రైన్ నదీ ప్రాంతంలో సేనలను ఉంచకూడదన్నారు, భారీ పరిహారం కట్టమన్నారు. అయితే ఆ అవమానం ఒక్కటే యుద్ధానికి చాలి ఉంటే 1920 దశకం అంత ప్రశాంతంగా గడిచేది కాదు. 1925లో లొకార్నోలో జర్మనీ తన పడమటి సరిహద్దులను ఒప్పుకుంది, మరుసటి ఏడు నానాజాతి సమితిలో చేరింది. 1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి నూటికి మూడు ఓట్లు కూడా రాలేదు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వల్ల 1932 తొలి నెలల్లో జర్మనీలో నిరుద్యోగులు 60 లక్షలకు చేరాక, అదే ఏడు జులైలో ఆ పార్టీకి 37 శాతం ఓట్లు పడ్డాయి. 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యాడు.

మా దృష్టిలో సంధిలోని అసలు లోపం కాఠిన్యం కాదు, దాన్ని అమలు చేయించే నాథుడు లేకపోవడం. అమెరికా సెనేట్ సంధిని తిరస్కరించింది, అమెరికా సమితిలో చేరనేలేదు. సోవియట్ రష్యాను ఎవరూ పిలవలేదు. బ్రిటన్‌కు కొన్నాళ్లకే ఆ షరతులు మరీ కఠినమనిపించాయి. మిగిలిన ఫ్రాన్స్‌కు పట్టుదల ఉంది గానీ ఒంటరిగా నిలబడే సత్తువ లేదు.

ప్రశ్న: 1936లోనే హిట్లర్‌ను అడ్డుకుని ఉంటే యుద్ధం తప్పేదని పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివాను. బ్రిటన్, ఫ్రాన్స్ ఎందుకు ఊరుకున్నాయి?
– గ్రూప్స్ అభ్యర్థిని, కావలి

జవాబు: ఊరుకోవడం 1936లో మొదలు కాలేదు. 1931 సెప్టెంబరులో జపాన్ మంచూరియాను ఆక్రమిస్తే సమితి విచారణ సంఘాన్ని పంపింది. నివేదిక తనకు వ్యతిరేకంగా వచ్చిందని జపాన్ సమితి నుంచే తప్పుకుంది. 1935 అక్టోబరులో ఇటలీ నియంత ముస్సోలినీ ఇథియోపియా మీద పడ్డప్పుడు ఆంక్షలు విధించారు కానీ వాటిలో చమురును చేర్చలేదు, ఇటలీ ఓడలకు సూయెజ్ కాలువనూ మూయలేదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న ఆ పద్ధతికి ఫలితం ఏమిటంటే, ఇథియోపియా దక్కలేదు, ఇటలీ స్నేహమూ మిగలలేదు. అంతకు ముందే, 1935 జూన్‌లో, ఫ్రాన్స్ సమ్మతి లేకుండానే బ్రిటన్ జర్మనీతో నౌకాదళ ఒప్పందం చేసుకుని, తన నౌకాబలంలో 35 శాతం మేరకు జర్మనీ నిర్మించుకోవచ్చని ఒప్పుకుంది. సంధిని ఉల్లంఘించవచ్చని సంధి చేసినవారే సంతకం పెట్టి ఇచ్చినట్టయింది.

ఇక 1936 మార్చి 7న జర్మన్ సేనలు రైన్ ప్రాంతంలో అడుగుపెట్టిన నాటికి ఫ్రాన్స్‌లో ఎన్నికల ముందరి తాత్కాలిక ప్రభుత్వం ఉంది. సైనిక చర్య అంటే దేశమంతటా సైనిక సమీకరణ చేయాల్సిందేనని సేనానులు చెప్పారు. ఎన్నికల ముంగిట ఆ సాహసం ఏ మంత్రి చేస్తాడు? బ్రిటన్‌లో చాలామంది హిట్లర్ తన పెరట్లోకి తాను వెళ్లాడనే అనుకున్నారు. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ 13 లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకుందన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ వెనుకంజ అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన సమర్థించలేం: గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు.

1938 సెప్టెంబరు నాటి మ్యూనిక్ ఒప్పందం గొడ్డలి స్థాయికి చేరిన ఘట్టం. చెకొస్లొవేకియాకు జర్మనీ సరిహద్దున ఉన్న సూడెటన్ కొండల్లో కోటల వరుస ఉంది, పిల్సెన్‌లో స్కోడా ఆయుధ కర్మాగారం ఉంది, ఫ్రాన్స్‌తోనూ సోవియట్ యూనియన్‌తోనూ రక్షణ ఒప్పందాలున్నాయి. అయినా బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే, హిట్లర్, ముస్సోలినీ నలుగురూ కూర్చుని ఆ కొండలను జర్మనీకి రాసిచ్చారు. చెక్ ప్రతినిధులు బయట వేచి ఉన్నారు, సోవియట్‌కు పిలుపే లేదు. కోటలు పోయిన దేశం ఆరు నెలలైనా నిలవలేదు. 1939 మార్చి 15న హిట్లర్ ప్రాగ్‌లో దిగాడు, స్కోడా కర్మాగారం ఆయన చేతికి వచ్చింది.

ప్రశ్న: హిట్లర్, స్టాలిన్ ఆగర్భ శత్రువులు కదా, 1939 ఆగస్టులో ఒప్పందం ఎలా కుదిరింది? తప్పు ఎవరిది?
– న్యాయవాది, ఒంగోలు

జవాబు: మీ ప్రశ్నే ఈ చరిత్ర అంతటికీ కీలకం కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రాగ్ పోయాక కళ్లు తెరిచిన చాంబర్లేన్, మార్చి 31న పోలండ్‌కు హామీ ఇచ్చాడు. చెకొస్లొవేకియాకు ఇవ్వనిది పోలండ్‌కు ఇవ్వడంలోని తర్కం అలా ఉంచండి. ఆ హామీ నిలబెట్టుకోవాలంటే బ్రిటిష్ సేన పోలండ్ చేరే దారి ఏది? పక్కనున్న సోవియట్ సాయం లేకుండా అది కాగితం మీది మాటే. లండన్‌కు ఆ సంగతి తెలుసు, అయినా మాస్కోతో మంతనాలు వేసవి అంతా నత్తనడక నడిచాయి. చివరికి సైనిక బృందాన్ని పంపాలని నిర్ణయించినప్పుడు కూడా విమానంలో కాక, నెమ్మదిగా సాగే ‘సిటీ ఆఫ్ ఎక్సెటర్’ అనే ఓడలో పంపారు. ఆగస్టు 5న బయల్దేరినవారు 11న మాస్కో చేరారు. చర్చలు మొదలవుతూనే సోవియట్ రక్షణ మంత్రి వొరొషీలోవ్ తనకు సంతకం చేసే అధికారం ఉందని పత్రం చదివి వినిపించి, మీ అధికార పత్రం ఏదని అడిగితే, బ్రిటిష్ బృంద నాయకుడు అడ్మిరల్ డ్రాక్స్ దగ్గర చూపడానికి కాగితం లేదు.

ఆగస్టు 14న వొరొషీలోవ్ ఒకే ప్రశ్న మీద పట్టుబట్టాడు: జర్మనీతో పోరాడటానికి మా సేనలను పోలండ్, రుమేనియా తమ భూమి మీదుగా వెళ్లనిస్తాయా? బ్రిటన్, ఫ్రాన్స్ ప్రతినిధుల వద్ద దీనికి జవాబు లేదు. పోలండ్ ససేమిరా అంది. 1920లో వార్సా ముంగిటికి వచ్చిన ఎర్ర సైన్యాన్ని తరిమిన దేశం, ఆ సైన్యాన్ని మళ్లీ గడప దాటనిస్తే తిరిగి వెళ్తుందని ఎలా నమ్ముతుంది? పోలండ్ భయం నిరాధారం కాదని ఆ తర్వాతి చరిత్ర రుజువు చేసింది. వకీలుగా మీరే చూడండి, ఇక్కడ ఎవరి వాదన వారికి సబబుగానే ఉంది. వాటన్నిటి మొత్తమే వినాశనమైంది.

స్టాలిన్ లెక్క వేరు. మ్యూనిక్ తర్వాత పశ్చిమ దేశాలు హిట్లర్‌ను తూర్పుకు మళ్లించి తాము తప్పుకుంటాయని ఆయన అనుమానం. పైగా మంగోలియా సరిహద్దులో ఖల్‌ఖిన్ గోల్ వద్ద జపాన్‌తో మే నుంచే పోరు సాగుతోంది. రెండు వైపులా యుద్ధం ఆయనకు అక్కర్లేదు. బ్రిటన్ ఇవ్వగలిగింది యుద్ధంలో భాగస్వామ్యం, హిట్లర్ ఇవ్వజూపింది యుద్ధానికి దూరంగా ఉండే వీలుతో పాటు సగం పోలండ్. ఆగస్టు 20న హిట్లర్ స్వయంగా తంతి పంపాడు, 23న జర్మనీ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ విమానంలో మాస్కోలో దిగాడు, ఒకరి మీద ఒకరు దాడి చేయబోమన్న ఒప్పందం ఆ రాత్రి గడిచేలోగా పూర్తయింది. రహస్య అనుబంధంలో పోలండ్‌ను నదుల వెంబడి పంచుకున్నారు; ఫిన్‌లాండ్, ఎస్తోనియా, లాత్వియా సోవియట్ వాటాకు వచ్చాయి.

తప్పు ఎవరిదంటే, యుద్ధం కోరినవాడు హిట్లర్, అందులో రెండో మాట లేదు. బ్రిటన్, ఫ్రాన్స్ మళ్లీ వెనక్కి తగ్గుతాయని ఆయన నమ్మాడు, అలా నమ్మడం ఆయనకు అలవాటు చేసింది వాళ్లే. ఆగస్టు 25న బ్రిటన్ పోలండ్‌తో సంధి సంతకం చేయడం, ఇటలీ సిద్ధంగా లేనని కబురు పెట్టడం చూసి 26న పోలండ్ మీద జరగాల్సిన దాడిని ఆపినా, సెప్టెంబరు 1 తెల్లవారుజామున కానిచ్చేశాడు. స్టాలిన్‌ను కూడా వదలనక్కర్లేదు. గడువు సంపాదించుకోవడానికే చేశాడనేవారు, 1941 జూన్ 22న తన మీదే దాడి జరిగేదాకా జర్మనీకి ధాన్యమూ చమురూ పంపుతూనే ఉన్నాడని మరిచిపోకూడదు.

ప్రశ్న: ఐరోపా తగాదాలోకి మన దేశాన్ని ఎవరు లాగారు?
– రైతు, బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: వైస్రాయి లిన్‌లిత్‌గో. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజే, కేంద్ర శాసనసభనో రాష్ట్ర మంత్రివర్గాలనో సంప్రదించకుండా భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. పోలండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడేవారు మా స్వాతంత్ర్యం సంగతేమిటో చెప్పండని కాంగ్రెస్ అడిగితే అక్టోబరులో వచ్చిన సమాధానం యుద్ధం ముగిశాక చూద్దామన్న ధోరణిలో ఉంది. దాంతో మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివి. అక్కడ రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ చూసిన టంగుటూరి ప్రకాశం పంతులు, స్థానిక పాలన చూసిన బెజవాడ గోపాలరెడ్డి ఇద్దరూ పదవులు వదిలారు. గోపాలరెడ్డి మీ ఊరివారేనని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: యుద్ధం రోజుల్లో మా అభ్రకానికి మంచి గిరాకీ ఉండేదని పెద్దలు చెబుతుంటారు. జపాన్, అమెరికా ఈ యుద్ధంలోకి ఎలా వచ్చాయి?
– అభ్రకం వ్యాపారి, గూడూరు

జవాబు: రేడియో పరికరాల్లోనూ విమానాల విద్యుత్ భాగాల్లోనూ అభ్రకం తప్పనిసరి, అందుకే ఆ గిరాకీ. జపాన్‌కు కొరత పడింది మాత్రం చమురుకు. 1937 జులైలో చైనాతో మొదలుపెట్టిన యుద్ధం నుంచి అది గెలిచి బయటపడలేకపోయింది, ఓడి తప్పుకోలేకపోయింది. 1940లో ఫ్రాన్స్ కూలిపోవడంతో దిక్కులేనిదైన ఫ్రెంచి వలస ఇండోచైనా మీద కన్నేసి, 1941 జులైలో దాని దక్షిణ భాగాన్నీ పట్టుకుంది. జవాబుగా అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసి చమురు ఆపేసింది. తన చమురులో సుమారు అయిదింట నాలుగు వంతులు అమెరికా నుంచే కొనుక్కునే దేశానికి చైనా నుంచి తప్పుకోవడమో, డచ్చివారి ఈస్టిండీస్ (నేటి ఇండొనేషియా) చమురు బావులను బలవంతంగా పట్టుకోవడమో తప్ప దారి కనిపించలేదు. నిల్వలు రోజురోజుకూ తరుగుతున్నాయి, ఆగేకొద్దీ ఓటమి ఖాయమని నౌకాదళం లెక్క వేసింది. ఆంక్షలతో జపాన్ దారికి వస్తుందని వాషింగ్టన్ అనుకుంటే, దెబ్బ తీస్తే అమెరికా రాజీకి వస్తుందని టోక్యో అనుకుంది. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి.

అప్పటికి అమెరికా కాంగ్రెస్ యుద్ధం ప్రకటించింది జపాన్ మీద మాత్రమే. జర్మనీ మీద కూడా ప్రకటించమని అడగడం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అంత తేలికయ్యేది కాదు. జర్మనీ, ఇటలీ, జపాన్‌ల మధ్య 1940లో కుదిరిన త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం జపాన్ మీద ఎవరైనా దాడి చేస్తేనే జర్మనీ సాయానికి రావాలి. ఇక్కడ దాడి చేసింది జపానే. అయినా డిసెంబరు 11న హిట్లర్ తనంత తానే అమెరికా మీద యుద్ధం ప్రకటించి రూజ్‌వెల్ట్‌కు ఆ ఇబ్బంది లేకుండా చేశాడు.