బీపీ ఉన్న అమ్మను కైలాస పరిక్రమకు తీసుకుపోవచ్చా?

తమ్మీ, మీ అమ్మకు 58 ఏళ్లు, రోజూ బీపీ టాబ్లెట్ వేసుకుంటారు, మోకాళ్లు పర్వాలేదు, కైలాసం చూడాలని ఎన్నో ఏళ్ల కోరిక. హన్మకొండలో ఉండి ఎట్లా తయారు కావాలి, కైలాసం చుట్టూ తిరిగే పరిక్రమ చేయించొచ్చా, లేక మానససరోవరం చూపించి తీసుకొచ్చేయాలా అని అడిగావు. డాక్టర్ సరే అంటే తీసుకుపో. పరిక్రమ పూర్తవుతుందా లేదా అన్నది మాత్రం ఇంట్లో కూర్చుంటే తేలదు. అక్కడ, పరిక్రమలో మొదటి రాత్రి ఆగే డేరాపుక్‌లో, రెండో రోజు తెల్లవారుజామున తేలుతుంది. ఇంట్లో తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఆ పొద్దున "ఇక చాలు, వెనక్కి పోదాం" అని ఎవరు అనాలి? అన్నాక మిగతా వాళ్లు మారుమాట లేకుండా వింటారా? ఇది మీ అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, టికెట్లు కొనకముందే మాట్లాడుకోండి. నా లెక్కలో మందులకంటే, స్వెట్టర్లకంటే ఇదే ముఖ్యం.

మేము 2019లో నేపాల్ మీదుగా పోయాం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. అత్తమ్మకు అప్పటికే అరవై దాటాయి, బీపీ ఉంది. ఆమె డేరాపుక్ నుంచి వెనక్కి వచ్చారు, నేను చుట్టు పూర్తి చేశాను.

ముందు ఎత్తు సంగతి. మన వరంగల్ సముద్రమట్టానికి 300 మీటర్లకు అటూ ఇటూ. మానససరోవరం దాదాపు 4,590 మీటర్ల మీద ఉంది. పరిక్రమలో దాటాల్సిన డోల్మా లా కనుమ దాదాపు 5,630 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో సగమే, అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా సగమే. దీన్ని తట్టుకోవడానికి ఒంటికి రోజులు కావాలి. కాళ్ల బలం, భక్తి, వయసులో చిన్నవాళ్లమన్న ధైర్యం ఏవీ ఆ రోజులకు బదులు కావు. మా జట్టులో అందరికంటే ముందు పడిపోయింది రోజూ జిమ్‌కు పోయే కుర్రాడు. నడవగలడు కాబట్టి మొదటి రోజు నుంచీ గబగబా నడిచాడు.

అందుకని ఇక్కడ చేసే ప్రాక్టీసు దేనికో తెలుసుకుని చెయ్యండి. భద్రకాళి బండ్ మీద పొద్దున నడక మంచిదే, కానీ అది చదును నేల. పద్మాక్షి గుట్ట మెట్లు, మడికొండ మెట్టుగుట్ట లాంటివి వారంలో కొన్నిసార్లు ఎక్కించు, వీపున ఒక చిన్న సంచీలో నీళ్ల సీసాలు పెట్టి. ఎక్కడంకంటే దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎందుకో కింద చెప్తాను. మాట్లాడుతూ నడవగలిగే వేగం ఎంతో అమ్మకు అలవాటు చెయ్యి. అక్కడ ఆమెను కాపాడేది ఆ వేగమే. దీనివల్ల కాళ్లు, గుండె గట్టిపడతాయి. ఎత్తుకు అలవాటు కావడం మాత్రం తెలంగాణలో ఏ గుట్ట మీదా జరగదు.

కాబట్టి ప్యాకేజీ చూసేటప్పుడు హోటల్ ఏది, భోజనం ఏది అని కాకుండా ఏ ఎత్తులో ఎన్ని రాత్రులు అన్నది చూడు. నేపాల్ నుంచి కేరుంగ్ దారిలో పోతే సరిహద్దు దాటాక టిబెట్‌లో వచ్చే కేరుంగ్ ఊరు దాదాపు 2,800 మీటర్లు, తర్వాత పడుకునే సాగా దాదాపు 4,500 మీటర్లు. ఒక్కరోజు బస్సు ప్రయాణంలో అంత ఎత్తుకు పోతాం. మా జట్టులో సగం మందికి తలనొప్పి, వాంతులు మొదలైంది సాగాలోనే. కేరుంగ్‌లో కనీసం రెండు రాత్రులు ఆపే వాళ్లతోనే పోండి. ఒక రోజు తగ్గిస్తే డబ్బు తగ్గుతుందని చెప్పే ప్యాకేజీ మీ అమ్మకు వద్దు. నేపాల్‌గంజ్, సిమికోట్, హిల్సా మీదుగా హెలికాప్టర్ దారి కూడా ఉంది, అదీ తొందరగా ఎత్తుకు చేర్చేదే.

ప్రభుత్వ యాత్ర అయితే విదేశాంగ శాఖ నడుపుతుంది. 2020 నుంచి ఆగిపోయింది, 2025లో మళ్లీ మొదలైంది. ఆ ఏడాది ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్ దారిలో 50 మంది చొప్పున 5 జట్లు, సిక్కింలోని నాథు లా దారిలో 10 జట్లు పంపారు. కంప్యూటర్ డ్రాలో పేరు రావాలి. వయసు 18 నుంచి 70 మధ్య ఉండాలి, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దాటకూడదు. ఢిల్లీలో మెడికల్ పరీక్షలు చేస్తారు, కొంత ఎత్తుకు పోయాక ఐటీబీపీ (సరిహద్దు పోలీసు దళం) డాక్టర్లు మళ్లీ చూస్తారు. అక్కడ ఫెయిలైతే వెనక్కి పంపేస్తారు. రోజులు ఎక్కువ పడుతుంది, కానీ మెల్లగా ఎక్కిస్తారు, వెంట డాక్టర్ల పర్యవేక్షణ ఉంటుంది. మీ అమ్మ వయసుకు, బీపీకి నేనైతే ముందు దీనికే అప్లై చెయ్యమంటాను. పేరు వస్తే కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీకి రెండు రోజులు ముందే చేరండి, ప్రయాణం అలసటతో మెడికల్‌కు పోతే బీపీ ఎక్కువ చూపిస్తుంది.

మందుల సంగతి మీ డాక్టర్‌తోనే మాట్లాడు. మాకు ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాశారు, ఎత్తుకు పోయే ముందు రోజు నుంచి మొదలుపెట్టి. సల్ఫా మందులు పడని వాళ్లు ఇది చెప్పకుండా వేసుకోకూడదు. మీ అమ్మ బీపీ టాబ్లెట్‌లో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉందేమో కూడా అడుగు, రెండూ కలిస్తే ఒంట్లో నీళ్లు, లవణాలు తగ్గిపోతాయి. డయామాక్స్‌తో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయపడొద్దు. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర మాత్రం వేయకు. అసలే పల్చటి గాలి, నిద్రమాత్రతో ఊపిరి ఇంకా మందగిస్తుంది.

ఇప్పుడు మగవాళ్లు ఎవరూ రాయని విషయం ఒకటి రాస్తాను తమ్మీ, కొడుకువి కాబట్టి నీకు తెలియాలి. అక్కడ రోజుకు మూడు, నాలుగు లీటర్ల నీళ్లు తాగాలి. ఆడవాళ్లు తాగరు. ఎందుకంటే బాత్‌రూమ్ గది బయట ఎక్కడో దూరంగా ఉంటుంది, కొన్ని చోట్ల ఆరుబయటే. రాత్రి గడ్డకట్టే చలి, చీకటి, పైగా డయామాక్స్ వల్ల గంటకోసారి పోవాల్సి వస్తుంది. ఒక్కరే పోలేక, మిగతా వాళ్లను లేపడం ఇష్టం లేక సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. పొద్దుటికి తలనొప్పి, అది ఎత్తు వల్ల వచ్చిందో నీళ్లు తాగక వచ్చిందో తెలియదు. మా జట్టు ఆడవాళ్లం ఒక ఒప్పందం పెట్టుకున్నాం. రాత్రి ఎవరు లేచినా పక్కనున్న ఇంకొకరిని లేపాలి, మొహమాటం లేదు. తలకు పెట్టుకునే లైటు ఒకటి అందరికీ అందేటట్టు తలుపు దగ్గర వేలాడదీసేవాళ్లం. మీ అమ్మకు అలాంటి తోడు ఒకరిని జట్టులో మొదటి రోజే చూసి పెట్టు.

తిండి కూడా సహించదు. ఆకలి చచ్చిపోతుంది, స్వీట్లు, డ్రై ఫ్రూట్స్ అసలు నోట్లో పెట్టబుద్ధి కాదు. మాకు పనికొచ్చింది చింతకాయ తొక్కు, కారంపొడి, ఇంటి నుంచి తెచ్చిన సకినాలు. వేడి జావలో కాస్త తొక్కు నంజుకుంటే అత్తమ్మ గిన్నె ఖాళీ చేసేవారు. ఆమె ఎంత తింటున్నారో నేను రోజూ చూసేదాన్ని, ఎందుకంటే నోటితో ఏమీ చెప్పరు.

మన పెద్దవాళ్లతో అసలు కష్టం అదే. ఒంట్లో బాగాలేదంటే దర్శనం పోతుందని భయం. "నాకేం కాలేదు బిడ్డా" అంటారు. అందుకే అడగకు, చూడు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే ఆక్సీమీటర్ తీసుకుపో. అక్కడ అందరికీ ఎనభైల్లోకి పడిపోతుంది, ఆ అంకెకు కంగారు పడొద్దు. కానీ పక్కనున్న వాళ్లందరికంటే మీ అమ్మకు బాగా తక్కువ ఉంటే జాగ్రత్తపడు. నేల మీద ఒక గీత చూపించి, మడమకు ముని వేళ్లు తాకించుకుంటూ పది అడుగులు వెయ్యమను. ఒక పక్కకు తూలిపోతే మెదడులో వాపు మొదలైందేమో అని అర్థం. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు, ఛాతీలో గురగుర వచ్చినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో. ఈ రెండింటికీ పొద్దున దాకా చూద్దాం అని ఉండదు, అర్ధరాత్రయినా కిందికి దిగాలి. ఆక్సిజన్ సిలిండర్ దిగేదాకా ఆసరా, అంతే. ఉత్త తలనొప్పి, వికారం అయితే అక్కడే ఆగాలి, తగ్గేదాకా ఒక్క మీటరు కూడా పైకి పోకూడదు.

మా అత్తమ్మకు వచ్చింది ఈ చివరిది. పరిక్రమ మొత్తం దాదాపు 52 కిలోమీటర్లు, యాత్రికులు మూడు రోజుల్లో చేస్తారు. మొదటి రోజు యమద్వారం దాటి లోయ వెంబడి డేరాపుక్ దాకా. నడక పొడుగే గానీ ఎక్కుడు తక్కువ, అత్తమ్మ గుర్రం మీద వచ్చారు. డేరాపుక్‌లో కైలాసం ఉత్తరపు ముఖం నేరుగా ఎదురుగా నిలబడుతుంది, మధ్యలో ఏ అడ్డూ లేదు. నల్లటి నిట్టనిలువు రాతిగోడ, మంచు అడ్డచారలు. పరిక్రమ మొత్తంలో ఇంత దగ్గరగా, ఇంత నిండుగా కనబడేది ఇక్కడే. ఆ సాయంత్రం అత్తమ్మకు తలనొప్పి, ఒక వాంతి. గీత మీద నడిపిస్తే సరిగ్గానే నడిచారు. పొద్దున మూడింటికి లేపి చూస్తే తలనొప్పి అట్లాగే ఉంది. ఆ మాట అనే హక్కు మా ఇంట్లో నాది అని వరంగల్‌లోనే అనుకున్నాం. అన్నాను. అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, కానీ వాదించలేదు. కొడుకు ఆమెతో, పరిక్రమ మొదలయ్యే ఊరు దార్చెన్‌కు దిగిపోయారు. "నువ్వు ఆగకు, నా చుట్టు కూడా నువ్వే తిరిగి రా" అని నన్ను పంపింది అత్తమ్మే. సాయంత్రానికి దార్చెన్‌లో తలనొప్పి తగ్గి అన్నం అడిగారట. ఇంటికొచ్చాక అందరికీ చెప్పింది డేరాపుక్‌లో చూసిన కైలాసం గురించే, వెనక్కి వచ్చిన సంగతి ఎవరైనా అడిగితేనే.

దిగేవాళ్లతో ఎవరు ఉంటారో కూడా ముందే అనుకోండి. నేపాల్ దారిలో చైనా వీసా జట్టు మొత్తానికి కలిపి ఇస్తారు, అందరూ కలిసి పోయి కలిసి రావాలి. ఒక్కరు ముందుగా దేశం దాటి రావడం అంత సులువు కాదు. దార్చెన్‌లో ఆగి జట్టు కోసం చూడటమే దారి.

రెండో రోజు పొద్దున చీకట్లోనే బయలుదేరతారు, మధ్యాహ్నం దాటితే కనుమ మీద గాలి, మంచు పెరుగుతాయి. చివరి ఎక్కుడు పది అడుగులు వేయడం, కర్ర మీద ఆనుకుని నిలబడటం, మళ్లీ పది అడుగులు. నా పక్కన ఒక టిబెటన్ ఆమె సాష్టాంగాలతోనే ఆ కనుమ ఎక్కుతోంది. అరచేతులకు చెక్క పలకలు, ముందు మందపాటి తోలు ఏప్రన్. రాళ్ల మీద బోర్లా పడి, చేతులు చాచి, చేతి కొస ఎక్కడ తాకిందో అక్కడ గుర్తు పెట్టుకుని, లేచి ఆ గుర్తు దగ్గర నిలబడి మళ్లీ. మన జాతరల్లో పొర్లుదండాలు చూసినదాన్నే, అయినా ఆమెను చూశాక నా ఆయాసం గురించి ఆలోచించడం మానేశాను. పైన డోల్మా రాయి చుట్టూ రంగురంగుల జెండాలు, రాతికి పూసిన వెన్న, అందులో అంటించిన నోట్లు. అందరూ అక్కడ కూర్చుండిపోవాలనుకుంటారు. ఐదు, పది నిమిషాలకంటే ఉండనీయకు, ఫోటో తీసి దిగండి.

దిగుడు గురించి చెప్తానన్నాను కదా. గుర్రం తీసుకున్నా సరే, కనుమ దాటాక నిట్టదిగుడులో మనుషులను ఎక్కించుకోదు. పెద్ద పెద్ద బండరాళ్ల మీద సొంత కాళ్లతోనే దిగాలి. గుర్రం ఉంది కదా, అమ్మకు నడక అక్కర్లేదు అనుకుని వచ్చిన కుటుంబాలు అక్కడే ఇబ్బంది పడ్డాయి. గౌరీకుండం అనే చిన్న సరస్సు కింద లోయలో కనబడుతుంది. దారి మీది నుంచే దండం పెట్టుకోమను, అక్కడికి దిగి మళ్లీ ఎక్కే ఓపిక ఎవరికీ మిగలదు. ఆ తర్వాత రెండో రాత్రి ఆగే జుతుల్‌పుక్ దాకా చదునైన లోయే కానీ, ఎంతకీ తరగదు. గుర్రం తీసుకున్నా అమ్మకు సంచీ మోసే పోర్టర్‌ను కూడా మాట్లాడు, దిగుడులో చెయ్యి పట్టుకునేది ఆ పిల్లలే. గుర్రం మీద కూర్చున్నవాళ్లకు నడిచేవాళ్లకంటే చలి ఎక్కువ, బట్టలు ఆ లెక్కన వెయ్యి. ఒకే లావు కోటు వద్దు. లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన గాలి, వాన ఆపే జాకెట్. ఉన్నివి చలికాలంలో టిబెటన్లు పెట్టే స్వెట్టర్ దుకాణాల్లో ఇక్కడే దొరుకుతాయి.

ఇంకో రెండు మాటలు. 2026 టిబెటన్ల లెక్కలో గుర్రం సంవత్సరం. ఆ ఏడాది ఒక్క చుట్టు తిరిగితే పదమూడు చుట్ల పుణ్యం అని వాళ్ల నమ్మకం. అందుకని అప్పుడు పోయేటట్టయితే రద్దీ ఉంటుంది, పర్మిట్లు, గదులు ముందే ఖాయం చేసుకోండి. ప్రభుత్వ యాత్రలో ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు, ఏదైనా జరిగితే అంత్యక్రియలు చైనా వైపే చేయడానికి ఒప్పుకుంటున్నట్టు. ఢిల్లీలో ఆ కాగితం మొదటిసారి చూసి మీ అమ్మ కంగారు పడకుండా ఇంట్లోనే చెప్పు, మీ నాన్నకు కూడా.

మెడికల్‌లో కుదరకపోతే ఉత్తరాఖండ్‌లో ఆది కైలాసం, ఓం పర్వతం ఉన్నాయి. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ధార్చులా నుంచి పర్మిట్‌తో పోవచ్చు, ఇప్పుడు చాలా దూరం జీపు పోతుంది. అక్కడా ఎత్తు 4,000 మీటర్లు దాటుతుంది కాబట్టి పైన రాసిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. నిజానికి ముందు ఏడాది అక్కడికి తీసుకుపోతే అమ్మ ఒళ్లు ఎత్తుకు ఎట్లా ఉంటుందో కొంత తెలుస్తుంది, నాకైతే అది మంచి పద్ధతి అనిపిస్తుంది.

అమ్మ వాడే బీపీ టాబ్లెట్ పేరు, ఏ నెలలో పోదామనుకుంటున్నారో రాయి. డాక్టర్‌ను ఏమేం అడగాలో దాన్నిబట్టి చెప్తాను.