జో టెక్స్‌కి పెద్దపీట ఎందుకు పడలేదు? – పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమెరికన్ సోల్ (చర్చి పాటల ఛాయలున్న నల్లజాతి సంగీతం) గాయకుడు జో టెక్స్ పేరెత్తగానే "తోటి సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్‌ని చూసి నేర్చుకున్నవాడు" అంటారు. నిజమేనా?

జవాబు: తేదీలు వరసగా పెట్టి చూస్తే ఆ మాట నిలవదు. టెక్సస్ రాష్ట్రంలోని రోజర్స్‌లో పుట్టిన జోసెఫ్ ఆరింగ్టన్ జూనియర్, జో టెక్స్ పేరుతో 1955లోనే కింగ్ లేబుల్‌కి (రికార్డు కంపెనీకి) పాడాడు. బ్రౌన్ మొదటి రికార్డు 1956లో వచ్చింది, అదీ కింగ్ వాళ్ల ఫెడరల్ లేబుల్ మీదే. 1961లో టెక్స్ అన్నా లేబుల్‌కి "బేబీ యూ ఆర్ రైట్" పాడాడు. బ్రౌన్ అదే ఏడాది ఆ పాట తీసుకుని, బాణీ, మాటలు కొంత మార్చి పాడితే ఆర్ అండ్ బీ చార్ట్‌లో (నల్లజాతి శ్రోతల పాటల పట్టికలో) 2వ స్థానం దాకా వెళ్లింది. రచయితలుగా ఇద్దరి పేర్లూ వేశారు. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారో మీరే చెప్పండి.

ఇంకో లెక్క చాలామంది గమనించరు. టెక్స్ "హోల్డ్ వాట్ యూవ్ గాట్" 1965 మొదట్లోనే పాప్ చార్ట్‌లో (అన్ని రకాల పాటలూ కలిసే ప్రధాన పట్టికలో) 5వ స్థానానికి చేరింది. బ్రౌన్ పాప్ టాప్ 10లో మొదటిసారి అడుగుపెట్టింది ఆ ఏడాది వేసవిలో వచ్చిన "పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్"తో, 8వ స్థానంలో. తోటి సోల్ గాయకుడు విల్సన్ పికెట్ ఆ టాప్ 10లోకి రావడానికి 1966 దాకా పట్టింది. మరో సోల్ గాయకుడు ఒటిస్ రెడ్డింగ్‌కి ఆ భాగ్యం ఆయన పోయాక, 1968లో గానీ దక్కలేదు.

చిందులో, బ్యాండుని గుప్పిట్లో పెట్టుకోవడంలో బ్రౌన్‌కి సాటి లేడు, అందులో వాదన లేదు. టెక్స్ బలమంతా మాటలో ఉంది. ఆయన్ని నర్తకుడిగా తూచినంత కాలం తక్కువే తూగుతాడు.

ప్రశ్న: టెక్స్, బ్రౌన్‌ల గొడవ ఒక స్త్రీ గురించి అంటారు. పాటల్లో ఆనవాళ్లున్నాయా?

జవాబు: ఉన్నాయి. టెక్స్ మాజీ భార్య బీ ఫోర్డ్ 1960లో బ్రౌన్‌తో కలిసి "యూవ్ గాట్ ద పవర్" పాడింది. టెక్స్ 1962లో "యూ కీప్ హర్" అనే పాటతో జవాబిచ్చాడు. ఉత్తరం అందిందని, ఆమెను నువ్వే ఉంచుకొమ్మని జేమ్స్‌ని పేరు పెట్టి పిలిచి మరీ చెబుతాడు. రెండూ వెంటవెంటనే వింటే చాలు. వేదికల మీద, క్లబ్బుల్లో జరిగాయని చెప్పే కథలు నోట నోట పెరిగినవి, వాటి మీద ఆధారపడొద్దు.

ప్రశ్న: "హోల్డ్ వాట్ యూవ్ గాట్" రెండుసార్లు విన్నాను. నెమ్మదిగా సాగుతుంది, సగం మాటలే. అందులో అంత గొప్పేముంది?

జవాబు: ఆ మాటలే గొప్ప. మూడోసారి ఇలా వినండి. ముందు పల్లవి మాత్రమే పట్టుకోండి: ఉన్నదాన్ని గట్టిగా పట్టుకో అని పాడే ఆ గొంతు కొంచెం బొంగురుపోయి ఉంటుంది. తర్వాత మాటల భాగం. మొదట మగవాళ్లతో మాట్లాడతాడు: నీ భార్యను పట్టించుకోకుండా వదిలేస్తే, ఆమెను కోరుకునేవాడు ఇంకొకడుంటాడు సుమా అని. ఆ తర్వాత అదే హెచ్చరిక ఆడవాళ్లకి. రెండు వైపులా ఒకే తూకం, ఒకే నిదానం. చర్చిలో పాస్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారిపోయే తీరు అది. మాట ఎక్కడ ఆగి రాగం ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఆ అతుకు తెలియకపోవడమే ఆయన పనితనం.

అసలు అతుకులు టేపులో ఉన్నాయి. 1964 చివర్లో అలబామాలోని మజిల్ షోల్స్‌లో, ఫేమ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఫలితం టెక్స్‌కి నచ్చలేదు, విడుదల చేయొద్దన్నాడు. నిర్మాత బడ్డీ కిల్లెన్ వేర్వేరు టేకుల్లో బాగున్న ముక్కలు కోసి అతికించి, తన డయల్ లేబుల్ మీద విడుదల చేశాడు.

చార్టులు తిరగేసేవాళ్లకి ఒక జాగ్రత్త: 1963 నవంబరు చివరి నుంచి 1965 జనవరి దాకా బిల్‌బోర్డ్ పత్రిక ఆర్ అండ్ బీ సింగిల్స్ చార్ట్ వేయలేదు. ఆ మధ్య వచ్చిన సోల్ పాటకి ఆ చార్ట్‌లో స్థానం లేకపోతే అది ఆడలేదని అర్థం కాదు.

ప్రశ్న: పాత ఎల్‌పీ ఒకటి కొన్నాను. అందులో రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్‌లా కేకలు పెడుతున్నాడు! ఇదేనా జో టెక్స్?

జవాబు: మీ చేతికి దొరికింది తొలినాటి సరుకు అయ్యుంటుంది. 1965లో "హోల్డ్ వాట్ యూవ్ గాట్" హిట్టవగానే కింగ్, చెకర్, పారట్ లేబుళ్లు పాత పాటల్ని కొత్త అట్టల్లో పెట్టి అమ్మాయి. ఏస్ లేబుల్‌కి పాడిన రోజుల్లో ఆయన నిజంగానే లిటిల్ రిచర్డ్ బాటలో ఉన్నాడు. "అనుకరణే" అనే అపవాదు సగం ఈ ఎల్‌పీల పుణ్యమే. కొనేముందు అట్ట మీద లేబుల్ చూడండి. అరవైల మధ్య నుంచి పాడినవైతే డయల్ లేదా దాన్ని పంపిణీ చేసిన అట్లాంటిక్ పేరుండాలి. "ద లవ్ యూ సేవ్" (1966), "షో మీ" (1967)తో మొదలుపెట్టండి. "స్కిన్నీ లెగ్స్ అండ్ ఆల్"లో వినిపించే జనం చూసి కచేరీ అనుకోకండి, స్టూడియోలో చేర్చిన చప్పుడది.

ప్రశ్న: 1972లో "ఐ గాచా" అంత పెద్ద హిట్టయ్యాక పాడటం ఎందుకు మానేశాడు?

జవాబు: మతబోధ కోసం. అప్పటికే ఇస్లాం తీసుకుని యూసుఫ్ హజీజ్ అయ్యాడు. ఆ పాట పాప్‌లో 2, ఆర్ అండ్ బీలో 1వ స్థానం చూసింది. మొదట "ఎ మదర్స్ ప్రేయర్" రికార్డుకి వెనక వైపు వేసిన పాట అది! నేషన్ ఆఫ్ ఇస్లాం సంస్థ నాయకుడు ఎలైజా ముహమ్మద్ 1975లో మరణించాక తిరిగొచ్చాడు. అభిమానుల్ని కూడగట్టుకోవాల్సిన మూడేళ్లు అలా పోయాయి. నా లెక్కన పేరు చెరగడానికి బ్రౌన్‌తో పోటీ కంటే ఇదే పెద్ద కారణం.

ప్రశ్న: రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడా?

జవాబు: లేడు. 2017 నాటికి ఆరుసార్లు నామినేషన్ దాకా వచ్చి ఆగిపోయాడు. బ్రౌన్ 1986లో, మొదటి జట్టులోనే చేరాడు. తోటి గాయకులు మాత్రం ఆయన్ని తమవాడనే అనుకున్నారు: 1968లో సోలమన్ బర్క్, డాన్ కోవే, బెన్ ఈ. కింగ్, ఆర్థర్ కాన్లీలతో కలిసి "సోల్ క్లాన్" పేరుతో "సోల్ మీటింగ్" పాడాడు. 1982 ఆగస్టులో టెక్సస్‌లోని నవసోటాలో ఆయన పోయినప్పుడు శవపేటిక మోసినవాళ్లలో కోవే, కింగ్, విల్సన్ పికెట్, ఆ టేపు అతికించిన బడ్డీ కిల్లెన్ ఉన్నారు.