ఏడుపుకీ ఒక ఫారం కావాలి

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ ఆస్పత్రి వ్యాసాలు మూడూ చదివాను. బాధ నిజమైనదే, పట్టుకోడానికి దానికో పిడి లేదు. అమెరికన్ రచయిత్రి లెస్లీ జేమిసన్ వ్యాసాల పుస్తకం ‘ది ఎంపతీ ఎగ్జామ్స్’ తెప్పించుకో. 2014లో గ్రేవుల్ఫ్ ప్రెస్ వేసింది, 11 వ్యాసాలు. ముందు మొదటి వ్యాసం ఒక్కటే రెండుసార్లు చదువు. రెండోసారి చేతిలో పెన్సిల్ ఉండాలి.

అమెరికాలో వైద్య విద్యార్థుల పరీక్షల కోసం గంటల లెక్కన డబ్బు తీసుకుని రోగులుగా నటించేవాళ్లుంటారు. జేమిసన్ ఆ పని చేసింది. ఆవిడకిచ్చిన పాత్ర స్టెఫనీ ఫిలిప్స్. తోడబుట్టినవాడు పోయిన దుఃఖం మూర్ఛలై బయటికొస్తుంటుంది, ఆ సంగతి స్టెఫనీకే తెలీదు. నటన అయ్యాక విద్యార్థికి మార్కులెయ్యాలి. పట్టికలో 31వ అంశం: నా కష్టానికి సానుభూతి మాటల్లో చెప్పాడా? మొహం జాలిగా పెడితే చాలదు, నోరు తెరిచి అనాలి. అనక తప్పదన్నాక అందరూ అనేస్తారు, మరి ఆ మాటకి విలువేం మిగిలింది? వ్యాసం కదిలేది ఈ చిక్కు మీదే.

తర్వాత నటులకిచ్చే ఆ స్క్రిప్టు మూసలోనే జేమిసన్ తన పేరు పెట్టి తన కథ రాసుకుంటుంది. గర్భస్రావం, గుండెకి చేసిన చికిత్స, వాడిన మందులు, డాక్టరుతో అనే మొదటి మాట. శీర్షికలు ఆస్పత్రివి, సరుకు తనది. ‘నా గుండె పగిలింది’ అనడానికి ఆ కాగితంలో గడే లేదు.

నీ మూడో వ్యాసంలో నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీని ఒక్క వాక్యంలో దాటేశావు. దాన్ని తీసి ముందు పెట్టుకో. పూర్వ చరిత్ర, ఇచ్చిన మందులు, డిశ్చార్జ్ నాటి పరిస్థితి: ఆ వరసలోనే నీకు తెలిసింది నింపు. ఎక్కడో ఒక గడిలో నిజం పట్టదు, కలం ఆగుతుంది. అక్కడ ఫారం వదిలేసి మామూలుగా రాయి. చివరిదాకా లాగావంటే గారడీ అయిపోతుంది. ఇది చదివినవాళ్లు ఎక్కువమంది చేసే తప్పు అదే.

ఇంకోటి. ఇంగ్లీషులో ‘నేను’ తప్పదు. మనకి ‘వెళ్లాను’లోనే నేను ఉంది. మొదటి పేజీలో 14 సార్లు రాశావు, రెండు చాలు.

మిగతా వ్యాసాల్లో ఆవిడ ఇల్లు దాటి తిరుగుతుంది. చర్మంలోంచి దారాలొస్తున్నాయనేవాళ్లు కలిసే ఆస్టిన్ సదస్సుకీ, టెనెసీ కొండల్లో పరుగు పందేనికీ వెళ్తుంది. పుస్తకం చెయ్యాలనుంటే నీకూ అలాంటివి కావాలి. అన్నీ ఆస్పత్రి వ్యాసాలైతే మూడోదానికే పాఠకుడు లేచిపోతాడు.

ముందు ఆ సమ్మరీ పని చూడు. మందుల పేర్లు కాగితం చూసే రాయి, జ్ఞాపకం మీద వద్దు.