గుండుసూదుల ధర రాయి

అమ్మాయీ,

అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ ఆడమ్స్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మొదటి వాక్యం దగ్గరే కాగితాలు పక్కన పెట్టేశాను. ‘ప్రతి మగవాడి విజయం వెనుక ఒక స్త్రీ ఉంటుంది’ అని మొదలుపెట్టావు. ఇరవై రెండేళ్ళ పిల్లవి, నీ చేత ఈ మాట ఎవరు రాయించారు? ఆ తర్వాత ‘త్యాగమూర్తి’, ‘సహనశీలి’, ‘ఆదర్శ గృహిణి’ అన్నావు. ఈ మాటలు తీసుకెళ్ళి ఏ ఊళ్ళో ఏ ఇల్లాలికి తగిలించినా అతుక్కుంటాయి. అందుకే అవి ఎవరివీ కావు.

1775 జూన్ సంగతి రాశావు కదా. ఏడేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని పెన్స్ హిల్ ఎక్కి, దూరంగా బ్రిటిష్ సైన్యంతో జరుగుతున్న బంకర్ హిల్ యుద్ధాన్ని, చార్ల్స్‌టౌన్ తగలబడడాన్ని చూసిందని. బాగుంది. కానీ అదే నెలలో ఆవిడ ఫిలడెల్ఫియాలో వలసల కాంగ్రెస్ సభలో ఉన్న భర్తకి ఇంకో మాట కూడా రాసింది. ఒక కట్ట గుండుసూదులు కొని పెట్టెలో వేసుకు రమ్మంది. 7 షిల్లింగుల 6 పెన్నీలకి వచ్చేవి 20 షిల్లింగులు అయ్యాయని, అంత పెట్టినా దొరకడం లేదని. యుద్ధం ఇంట్లోకి ఎలా వస్తుందో నాకు ఆ ధర చెప్పినట్టు చార్ల్స్‌టౌన్ పొగ చెప్పలేదు. ఎవరి జీవితం రాసినా ముందు వాళ్ళ చేతిలో డబ్బు ఎంత, దాన్ని ఎవరు లెక్కపెట్టారు అని అడగాలి. నలభై ఏళ్ళుగా నేను నమ్మిందీ, పోట్లాడిందీ ఈ ఒక్క మాట కోసమే.

నా రెండో కథ మా అమ్మ గురించి. కేలండర్ మీద పాల లెక్క, చీటీ ఎత్తుకున్న నెల, ఆ డబ్బుతో కొన్న కుట్టుమిషను, రసీదు మీద నాన్న పేరు, అన్నీ రాశాను. పత్రికాయన ఆ మూడు పేరాలు కొట్టేసి, ‘పచారీ లెక్కలు పాఠకులకి బోరు’ అని కార్డు రాసి కథ వేశాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, ‘కుట్టుమిషను ఏదే?’ అంది. నేనేం చెప్పను? ఈనాటికీ ఆ సంచిక తెరవలేను.

అబిగైల్‌కీ అదే జరిగింది. 1840లో ఆవిడ ఉత్తరాలు అచ్చు వేసింది సొంత మనవడే. స్పెల్లింగులు దిద్దాడు, కొన్ని భాగాలు తీసేశాడు. బడి మొహం చూడని మనిషి, తండ్రి పుస్తకాలు చదువుకుని తన చెవికి వినిపించినట్టు రాసుకున్న అక్షరాలవి. వాటిని దిద్దే హక్కు ఎవరిచ్చారు?

1776 మార్చిలో జాన్‌కి రాసిన ఉత్తరంలో, ఆ సభలో కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్ళని గుర్తుపెట్టుకోమంది. అది ఉటంకించావు, అందరూ ఉటంకిస్తారు. నవ్వాపుకోలేకపోతున్నానని జాన్ జవాబిచ్చాడు. అది ఎందుకు వదిలేశావు? ఆ నవ్వు తర్వాత ఆవిడ ఏం చేసిందో చూడు. పెళ్ళయిన ఆడదాని సొమ్మంతా మొగుడిదే అనే చట్టం కింద బతుకుతూ, ఆయన యూరప్ నుంచి పంపిన రుమాళ్ళు, రిబ్బన్లు అమ్మించింది. ఆయన పొలాలు కొందామంటే, ప్రభుత్వ బాండ్లు లాభమని వాటిలో పెట్టింది. 1816లో, చట్టం ఒప్పుకోకపోయినా, తన చేత్తో వీలునామా రాసుకుంది. దాదాపు అంతా మనవరాళ్ళకి, మేనకోడళ్ళకి, కోడళ్ళకి, పనిచేసిన ఆడవాళ్ళకి. 1818లో ఆవిడ పోయాక జాన్ దాన్ని కాదనలేదు. నీ పన్నెండు పేజీల్లో ఈ వీలునామా లేదు!

మంచివే రాయాలనుకుంటే మనిషి దొరకదు. అప్పటికి అధ్యక్షుడైన భర్తని తిట్టే పత్రికల నోరు మూయించే 1798 చట్టాన్ని ఆవిడ గట్టిగా సమర్థించింది. నాకు అది నచ్చదు, అయినా ఉండాల్సిందే.

ఏ పత్రికకి పంపాలి, పేరు మార్చుకోవాలా అని అడిగావు. అవి తర్వాత.

ఒక్కచోట మాత్రం నా చెయ్యి ఆగింది. 1800 నవంబరు, వాషింగ్టన్‌లో అధ్యక్ష భవనం ఇంకా పూర్తి కాలేదు, చుట్టూ అడవి ఉన్నా పొయ్యిలోకి కట్టెలు లేవు. పెద్ద దర్బారు గదిలో ఉతికిన బట్టలు ఆరేయించింది. కూతురికి అన్నీ రాసి, ఇవి నీలోనే ఉంచుకో, ఎవరైనా అడిగితే ఆ చోటు చాలా అందంగా ఉందని అమ్మ రాసింది అని చెప్పమంది. నువ్వు అర వాక్యంలో దాటేశావు. ఏడో పేజీలో, ఆ తడి బట్టల దగ్గర పెన్సిల్ గీత పెట్టాను. ముందున్న ఆరు పేజీలు తీసేసి అక్కణ్ణుంచి మొదలుపెట్టు. సంక్రాంతి లోపు పంపితే చదువుతాను.

ఆశీస్సులతో.